పచ్చ చుక్క

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి మా ఆఫీసులో కంప్యూటర్లు ఉన్నట్టుండి బిగుసుకుపోవడం మొదలైంది. మాది బీమా కంపెనీ. ప్రమాదాలు, ఆస్పత్రి చీటీలు, కాలిపోయిన దుకాణాలు, అన్నీ కాగితాలై మా దగ్గరికొచ్చేవి. రెండో అంతస్తులో నూట ఇరవై మంది వాటిని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కంప్యూటర్లలోకి ఎక్కించేవారు. సరిగ్గా పదకొండింటికి తెరలన్నీ రాళ్లలా నిలబడిపోయేవి. నొక్కిన అక్షరం కనబడడానికి రెండు నిమిషాలు. ఆ కాసేపూ హాలంతా బస్సు రాని స్టాపులా గోలగోలగా ఉండేది.

నేను కింది అంతస్తులో, సిస్టమ్స్ గదిలో ప్రోగ్రామర్ని. మా వదిన, అంటే మా ఆయనకు అక్క, రెండో అంతస్తులో పదిహేడో సీటు. ఇరవై రెండేళ్లుగా అదే సీటు. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉండేది. నిజం చెప్పాలంటే మేమే ఆవిడతో ఉండేవాళ్లం. ఆ ఇల్లు మొదట అద్దెకు తీసుకున్నది ఆవిడ. నన్ను ఉద్యోగంలోకి తీసుకోమని పైవాళ్లకు చెప్పింది ఆవిడ. మా అమ్మాయికి బడికి వెళ్లేముందు జడలు వేసేదీ ఆవిడే. ఆవిడ టైపు చేస్తుంటే కళ్లు మూసుకుని వింటే పక్కగదిలో ఎవరో బట్టలు కుడుతున్నట్టుండేది. హాల్లో అందరూ ఆవిడ ఎదుటే 'కుట్టుమిషను' అనేవారు. ఆవిడకూ ఆ పేరంటే లోలోపల ఇష్టమే.

"ఏం పిల్లా, మీ డబ్బాలు మళ్లీ మొండికేశాయి," అని ఆ వారంలో మూడోసారి ఫోన్ చేసింది. "చేతులు ఖాళీగా ఉంటే నాకు పిచ్చెక్కుతుంది. ఏదో ఒకటి చెయ్యి తల్లీ."

మేనేజరు గారు పది రోజులు గడువిచ్చారు. ప్రతి కంప్యూటర్లోనూ చడీచప్పుడు లేకుండా కూర్చునే ఒక చిన్న ప్రోగ్రాము రాశాను. ఐదు సెకన్లకోసారి అది యంత్రం ఒంటివేడి చూస్తుంది, మెమరీ ఎంత మిగిలిందో, డిస్కు ఎంత అలిసిందో చూస్తుంది. చూసినదంతా నా గదిలోని సర్వరుకు చేరవేస్తుంది. యంత్రం నెమ్మదించిందా, లేక మనిషే ఆగి ఆలోచిస్తున్నారా అన్నది తేలడానికి ఇంకొకటి కూడా కలిపాను. మీట నొక్కిన క్షణం, తెరమీద అక్షరం పడిన క్షణం, ఈ రెండూ రాసుకుంటుంది. ఏ మీట అన్నది మాత్రం రాసుకోదు. ఆ జాగ్రత్త తీసుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

నాలుగో రోజుకే దొంగ దొరికాడు. వైరస్‌ల కోసం వెతికే ప్రోగ్రాము రోజూ పదకొండింటికి అన్ని యంత్రాల్లోనూ ఒక్కసారే నిద్ర లేచేది. దాన్ని భోజనాల వేళకు జరపగానే హాలు తేటపడింది.

"నీ పెళ్లాం డాక్టరయిందిరా," అంది వదిన ఆ సాయంత్రం మా ఆయనతో. "యంత్రాలకి నాడి పట్టి చూస్తోంది."

"మరి నీకు?" అన్నాడాయన. ఆయనకు కళ్లద్దాల దుకాణం ఉంది. ఎప్పుడూ ఏదో ఒక అద్దం తుడుస్తూనే మాట్లాడతాడు.

"నాకేం రోగంరా, గుండ్రాయిలా ఉంటే!"

తరువాతి వారం పై అంతస్తు నుంచి ప్లానింగ్ విభాగం ఆయన మా గదికి వచ్చాడు. సన్నటి మనిషి. గొంతు పెంచేవాడు కాదు, కుర్చీ చూపించినా కూర్చునేవాడు కాదు.

"ఇంత సమాచారం మీ దగ్గర ఊరికే పడుంది," అన్నాడు. "మిగతా అప్లికేషన్లు కూడా చదువుకునేలా ఒక దారి తెరవండి. చదువుకోవడమేనండీ. దేన్నీ ముట్టుకోవు."

మనం చేసిన పని పదిమందికీ పనికొస్తుందంటే ఎవరికి చేదు? రెండు వారాలు ఒళ్లు మరిచి పనిచేశాను. ఆఫీసులోని ఏ అప్లికేషనైనా తన పేరు చెప్పి అడిగితే నా సర్వరు కావలసింది ఇచ్చేది. మొదట స్టోర్స్ వాళ్ల అప్లికేషను వచ్చింది, ఏ కంప్యూటర్లు మార్చాలో తెలుసుకోవడానికి. తరువాత ఏసీలు చూసుకునేది. ఎవరు ఎప్పుడు ఏం అడిగారో ఒక చిట్టాలో పడేది. పొద్దున్నే టీ తాగుతూ దాన్ని చూడడం నాకు అలవాటైంది.

మూడో పేరు 'సర్దుబాటు'. మొదట రోజుకోసారి అడిగేది. వారం తిరిగేసరికి గంటకోసారి. ఇంకో వారానికి నిమిషానికోసారి. దానికి వేడి అక్కర్లేదు, మెమరీ అక్కర్లేదు. ఒక మీటకూ మరో మీటకూ మధ్య ఎంత ఎడం వచ్చిందన్నది ఒక్కటే కావాలి. యంత్రం నెమ్మదిగా ఉందో లేదో అది ఒక్కసారి కూడా అడగలేదు.

టీ చల్లారిపోయింది. మెట్లెక్కి పైకి వెళ్లాను.

"సర్దుబాటు అంటే ఏంటండీ?"

"సీట్ల సర్దుబాటు," అన్నాడు ప్లానింగ్ ఆయన. "ఏ సీటుకి ఎంత పని పంపాలి, అసలు ఏ సీటు అవసరం, అదీ."

"సీట్లు టైపు చెయ్యవు కదండీ."

ఆయన నవ్వాడు. "మేం మనుషుల పేర్లు తీసుకోవడం లేదు. సీటు నంబర్లే. మీరూ ఏ మీట అన్నది తీసుకోలేదు కదా. మీలాగే మేమూ జాగ్రత్తగానే ఉన్నాం."

కిందికి దిగి వచ్చేశాను.

ఆ సోమవారం అందరి తెరలమీదా కుడివైపు పైమూల ఒక చుక్క వెలిసింది. ఆవగింజంత ఉంటుంది. కొందరికి పచ్చది, కొందరికి పసుపు, కొందరికి ఎరుపు. దాని అర్థం ఏమిటో ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా మధ్యాహ్నానికల్లా అందరికీ అర్థమైపోయింది. ఆ రోజు హాల్లోకి వెళ్తే మాటలు లేవు, నవ్వులు లేవు. నూట ఇరవై మంది వంగిపోయి టైపు చేస్తున్నారు. మధ్యమధ్య తలలు కుడివైపు మూలకు ఎగిరి మళ్లీ వంగుతున్నాయి.

రెండు రోజులకు, అంటే బుధవారం, భోజనాల వేళ వెనుక మెట్లమీద వదినా నేనూ కూర్చున్నాం. ఆవిడ పక్కసీటు పెద్దాయన కూడా వచ్చి కింది మెట్టుమీద చేరాడు. ఆయన్ను హాలంతా బాబాయ్ అనేది. ఇంకో ఏడాదిన్నరలో రిటైరవుతాడు. నాలుగు వేళ్లతోనే టైపు చేసినా ఒక్క తప్పు పోనిచ్చేవాడు కాదు.

"నెలాఖరుకి అడుగునున్న పన్నెండు సీట్లు ఎత్తేస్తారట," అన్నాడు. "నాది పసుపు. గోడమీద పిల్లిలా ఉన్నాను. కంచే చేను మేస్తానంటే ఎవరితో చెప్పుకుంటాం?"

వదిన నా వైపు తిరిగింది. "ఈ చుక్క నీ పనా?"

"కాదు వదినా. పైవాళ్లది," అన్నాను. అందులో అబద్ధం లేదు. చెప్పనిదే ఎక్కువుంది.

బాబాయ్ చెయ్యి కడుక్కోవడానికి లేచి వెళ్లాక వదిన తన డబ్బా నా ఒళ్లో పెట్టింది. "మూత బిగిసిపోయింది, తియ్యి."

వేలు పెట్టగానే వచ్చేసింది. అది బిగిసి లేదు.

"నాది ఎరుపు," అంది ఆవిడ, అన్నం వైపే చూస్తూ. "పొద్దుట్నుంచీ ఎరుపే. ఈమధ్య కుడిచేతి వేళ్లు నావి కానట్టుంటున్నాయి. సూది గుచ్చినా తెలీదేమో అనిపిస్తోంది. శుక్రవారం సాయంత్రం నరాల డాక్టరు దగ్గరికి పేరు రాయించాను. మా తమ్ముడికి చెప్పకు. వాడు ఊరికే హడలిపోతాడు."

అప్పుడు గుర్తొచ్చింది. పది రోజులుగా మా అమ్మాయి జడలు బడి నుంచి వచ్చేసరికి విడిపోయి ఉంటున్నాయి. ఎండకు చిరాకుపడి పిల్లే పీకేసుకుంటోందని నేను దాన్ని కసిరాను కూడా.

గదికి వచ్చి తలుపు వేసుకున్నాను. పదిహేడో సీటు టైపు వేగాన్ని గీతగా గీసి చూశాను. ప్రోగ్రాము పెట్టిన మొదటి రోజుల్లో గీత నేలలా సమంగా ఉంది. తరువాత సన్నగా కిందికి జారింది, చివరి రెండు వారాల్లో మెట్లు దిగినట్టు దిగింది. మేమంతా ఒకే ఇంట్లో తిరుగుతూ చూడనిది నా ప్రోగ్రాము ఐదు సెకన్లకోసారి చూస్తూనే ఉంది. అడుగు నుంచి లెక్కపెడితే ఆ సీటు తొమ్మిదోది.

ఒక్క లైను రాశాను. 'సర్దుబాటు' వచ్చి పదిహేడో సీటు గురించి అడిగితే ఈ రోజు లెక్కలు కాకుండా ఆ మొదటి రోజుల లెక్కలు ఇవ్వమని. చెయ్యి సంగతి డాక్టరు చూసుకుంటాడు, సీటు సంగతి నేను చూసుకుంటాననుకున్నాను. మూడు నిమిషాల పని. ఒకటి పైకి లేస్తే మరొకటి కిందికి దిగుతుందని నాకు తెలియక కాదు. ఆ పూట ఆ లెక్క వెయ్యలేదు.

శుక్రవారం సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి వదిన అప్పటికే ఇంట్లో ఉంది. కూనిరాగం తీస్తూ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. నన్ను చూసి గొంతు తగ్గించింది.

"వెళ్లలేదు. ఫోన్ చేసి వద్దని చెప్పేశాను."

"అదేంటి వదినా?"

"నిన్నట్నుంచీ చుక్క పచ్చగా ఉంది పిల్లా. రెండ్రోజులూ పచ్చే! ఇదంతా నా అనుమానం. వేడికి కాస్త తిమ్మిరెక్కినట్టుంది, అంతే."

"అయినా ఒకసారి చూపించుకుంటే మంచిదేమో..."

"మనుషులైతే మొహం చూసి బాగున్నావంటారు. దానికి మొహమాటం ఏముంది? లేనిది చెప్పదు కదా." మడతపెట్టిన చీర నా చేతిలో పెట్టింది. "భయపడి చచ్చాననుకో. ఇక ఆ మాట ఎత్తకు."

చీర మడత సరిగ్గా లేదు. అంచులు కలవలేదు. నేను దాన్ని అలాగే బీరువాలో పెట్టాను.

చెప్పాలనే అనుకున్నాను, రేపు చెప్పాలని. చెబితే ఆవిడ ఊరుకునే రకం కాదు. తిన్నగా మేనేజరు గారి దగ్గరికి నడుస్తుంది. నా ఉద్యోగం పోతుంది, ఆవిడది ఎలాగూ పోతుంది. ఇంకో వారం ఆగి, ఏదో ఒక వంకతో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లవచ్చుననుకున్నాను. ఒకరోజు మెడనొప్పి అంది. ఇదే సందనుకుని, "పదండి, చూపిద్దాం," అన్నాను. "మళ్లీ మొదలెట్టావా?" అని నవ్వేసింది. రోజు గడిచేకొద్దీ చెప్పవలసిన మాట బరువెక్కుతూ వచ్చింది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఇంట్లో అందరికంటే వదినే హుషారుగా ఉండేది. అది చూడలేక నేను వంటింట్లో అక్కర్లేని పనులు కల్పించుకునేదాన్ని.

నెలాఖరున పన్నెండు ఉత్తరాలు వెళ్లాయి. వెళ్లిపోయేవాళ్లు తమ కంప్యూటరు అప్పగించినట్టు నా సంతకం తీసుకోవాలి. పదకొండు మంది కాగితం బల్లమీద పెట్టి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు. పన్నెండో మనిషి బాబాయ్.

"నా సీటుకి జ్వరమొచ్చిందటమ్మా," అన్నాడు. "ఒక్కటంటే ఒక్క మెట్టు కిందికి జారానట. ముందు పదమూడోవాణ్ణి. ఎవరో నా పైకి గెంతారు. పోన్లే, వాళ్లైనా బాగుపడనీ." కలం మూత తీసి ఆయనే నాకు అందించాడు. "ఇక్కడేనా సంతకం?"

సంతకం పెట్టాను. ఆయన కాగితం ఆరేదాకా ఊది, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "మీ వదినని జాగ్రత్తగా చూసుకో. నిన్న మెట్లమీద తూలింది. నేను పట్టుకున్నాను," అన్నాడు.

అది విన్నాక కూడా నేను ఆ రోజు చెప్పలేదు. ఆ మర్నాడూ చెప్పలేదు. ఇన్నేళ్ల తరువాత తలచుకుంటే నాకు కొరుకుడు పడనిది ఆ లైను రాయడం కాదు, ఆ రోజులు.

తరువాత వచ్చిన రెండో ఆదివారం పొద్దున వదిన మా అమ్మాయిని తీసుకుని పుస్తకాల దుకాణానికి బయలుదేరింది. పావుగంటలో తిరిగి వచ్చేశారు. పిల్ల మొహం తెల్లబోయి ఉంది. మోచెయ్యి గీరుకుపోయింది. వదిన గోడ పట్టుకుని లోపలికి వచ్చి కుర్చీలో కూలబడింది.

"ఏమైంది?" మా ఆయన పరుగున వచ్చాడు.

"రోడ్డు దాటుతుంటే అత్త నా చెయ్యి వదిలేసింది," అంది పిల్ల. "లారీ వచ్చింది. ఎవరో అంకుల్ నన్ను లాగాడు."

"నేను వదల్లేదురా," అంది వదిన. ఆవిడ తన కుడిచేతినే చూసుకుంటోంది. "పట్టుకునే ఉన్నాననుకున్నాను. అరుపులు వినబడి చూస్తే చేతిలో పిల్ల లేదు."

మా ఆయన పిల్లను ఎత్తుకుని మోచెయ్యి కడగడానికి పెరట్లోకి తీసుకెళ్లాడు. నేను వదిన ఎదురుగా నేలమీద కూర్చున్నాను.

"వదినా, ఆ చుక్క అబద్ధం."

ఆవిడకు అర్థం కాలేదు. మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. పైవాళ్ల చుక్కకు కావలసినదంతా నా ప్రోగ్రాము నుంచే వెళ్తోందని చెప్పాను. ఆవిడ చేతి గీత చూశానని, దాని బదులు పాత గీత పంపుతున్నానని చెప్పాను. అంతా అయ్యాక ఆవిడ అడిగింది.

"ఎన్ని రోజులైంది?"

"ఇరవై అయిదు."

"అంటే నేను శుక్రవారం డాక్టర్ని వద్దనుకున్నప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

"బాబాయ్ వెళ్లింది నా బదులా?" అంది వదిన.

అవునన్నట్టు తల ఊపాను. పెరటి గుమ్మంలో మా ఆయన పిల్లను ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. "నువ్వు ఒక్క మాట..." అని ఆగిపోయాడు. ఆ వాక్యం ఆయన ఇప్పటికీ పూర్తి చెయ్యలేదు.

మర్నాడు నరాల డాక్టరు వదిన వేళ్లు ఒక్కొక్కటే వంచి చూశాడు, గదిలో నడిపించి చూశాడు, మెడ ఫొటోలు తీయించాడు. మెడలో ఎముక పెరిగి వెన్నుపామును నొక్కేస్తోందన్నాడు. వారంలోగా ఆపరేషను చెయ్యాలి. ఇక మీదట పాడవకుండా ఆపగలం, పోయిన పట్టు ఎంత తిరిగొస్తుందో చెప్పలేం, చిటికెన వేలూ దాని పక్కదీ మాత్రం ఆశ పెట్టుకోవద్దన్నాడు.

"ఎప్పుడు మొదలైంది ఇది?"

"ఎండలు ముదిరాక," అంది వదిన.

"ఒక నెల ముందు రావలసిందమ్మా."

వదిన నా వైపు చూడలేదు. "బుద్ధి తక్కువై రాలేదండీ," అంది.

అక్కడి నుంచి తిన్నగా ఆఫీసుకు వెళ్లి ఆ లైను తీసేశాను. మేనేజరు గారికి ఉన్నదున్నట్టు చెప్పి, పన్నెండు ఉత్తరాలూ వెనక్కి తీసుకోమన్నాను, ఆ దారి మూసేస్తానన్నాను. ఆయన ప్లానింగ్ ఆయన్ను పిలిపించాడు. ఇద్దరూ నా మీద కోప్పడకపోవడం చూసి నాకు భయం వేసింది.

"ఇప్పుడు పధ్నాలుగు అప్లికేషన్లు ఆ దారినే నడుస్తున్నాయి," అన్నాడు ప్లానింగ్ ఆయన. "జీతాల అప్లికేషనుతో సహా. మూసేస్తే ఆఫీసు ఆగిపోతుంది. అయినా మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే మీ ప్రోగ్రాములో తప్పేం లేదు. డాక్టరు కంటే ముందే పట్టుకుంది కదా!" ఆయన నిజంగానే ముచ్చటపడుతున్నాడు. నా చేత ఇక ఆ లెక్కలు ముట్టుకోనని రాయించుకుని పంపేశారు. బాబాయ్‌ను వెనక్కి పిలవలేదు. నేను ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన నేను చెప్పిందంతా గుమ్మంలోనే నిలబడి విని, "సరేనమ్మా," అని తలుపు వేసుకున్నాడు. వదినకూ అలాంటి ఉత్తరమే నాలుగో రోజున వచ్చింది. మా ఆయన విప్పి చదివి వినిపించాడు.

ఆపరేషను రోజు తొలివాన పడింది. అంతా సవ్యంగానే జరిగిందన్నారు. మర్నాడు మధ్యాహ్నం వార్డులో ఆవిడ దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. మెడ చుట్టూ పట్టీ, వేలికి ఒక క్లిప్పు, తలాపున చిన్న తెర. తెరమీద గుండె వేగం, బీపీ, ఊపిరి అంకెలు మారుతున్నాయి. వదిన కళ్లు తెరిచి చాలాసేపు వాటినే చూసింది.

"ఆ అంకెలు బాగానే ఉన్నట్టా?" అంది.

"బాగున్నాయి వదినా. అన్నీ సరిగ్గానే ఉన్నాయి."

ఆవిడ సరేనన్నట్టు కళ్లార్పింది. దాహమంటే చెంచాతో నీళ్లు పట్టాను, తాగింది. దుప్పటి సర్దితే సర్దనిచ్చింది. కాసేపటికి నర్సు వచ్చింది. మందు ఎక్కించి వెళ్లబోతుంటే వదిన ఎడమచేత్తో ఆమె కొంగు పట్టుకుని ఆపింది. నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను.

"అమ్మా," అంది నర్సుతో, "ఆ అంకెలు బాగానే ఉన్నాయా? కాస్త నువ్వు చూసి చెప్పు."